మొద్దు పెట్టిన మేలుకొలుపు సంస్థ

మా హాస్టల్ గదిలో నాతో ఉండే అమ్మాయిని అందరూ మొద్దు అంటారు. చదువులో కాదు, చదువులో నాకంటే రెండాకులు ఎక్కువే. నిద్రలో. అలారం మోగితే పక్కగది వాళ్లు లేచొచ్చి ఆపి తిట్టుకుంటూ వెళ్లేవారు, ఇది మాత్రం అటు తిరిగి పడుకునేది. దాన్ని లేపడం నా ప్రారబ్ధం. దుప్పటి లాగాలి, కాళ్లు పట్టి ఈడ్వాలి, ఆఖరికి మొహాన నీళ్లు కొట్టాలి. నీళ్లు కొడితే "వాన పడుతున్నట్టుంది, కిటికీ వెయ్యవే" అనేది. అలాంటి మనిషి ఊళ్లోవాళ్లని నిద్ర లేపే సంస్థ పెట్టిందంటే మా అమ్మ ఇప్పటికీ నమ్మదు.

ఒకరకంగా దానికి కారణం నేనే. హాస్టల్ వెనకింట్లో ఒక తాతయ్య ఒంటరిగా ఉండేవాడు. రిటైరైన బస్సు డ్రైవరు. కోడి కూడా లేవని వేళకి లేచి, వాకిలి బరబరా ఊడ్చి, రేడియో గట్టిగా పెట్టి, దానికంటే గట్టిగా దగ్గేవాడు. ఒకరోజు నాకు ఒళ్లు మండి, పోట్లాటకి తోడుగా మొద్దుని కూడా లాక్కెళ్లాను.

"ఏం చెయ్యమంటావమ్మా," అన్నాడాయన. "ఉద్యోగమంతా ఫస్టు బస్సే నడిపాను. బస్సు పోయింది గానీ మెలకువ పోలేదు. లేచాక మాట్లాడదామంటే ఇంట్లో ఎవరున్నారు? అందుకే రేడియో."

నా పోట్లాట అక్కడితో సరి. మొద్దు మాత్రం ఆయన్ని ఆశగా చూస్తూ, "ఆ మెలకువేదో కాస్త మాకివ్వకూడదా తాతయ్యా?" అంది.

ఆ ఏడాది మా క్లాసువాళ్లని సమాజానికి పనికొచ్చే చిన్న సంస్థకి ప్లాన్ రాసుకు రమ్మన్నారు. మేమంతా బుద్ధిగా రాసిచ్చి ఊరుకున్నాం. ఇది ఏకంగా పెట్టేసింది. పేరు మేలుకొలుపు. చీకటితోనే లేచి ఏం తోచక కూర్చునే పెద్దవాళ్లు ఫోన్ చేసి పిల్లల్ని లేపుతారు. పిల్లలు నెలకింత అని ఇస్తే అది పెద్దవాళ్ల మందులకీ ఫోన్ ఖర్చుకీ సరిపోతుంది. డ్రైవర్ తాతయ్య వెంట రిటైరైన నర్సమ్మ, ఆవిడ వెంట మిషను కుట్టే మామ్మ, చూస్తుండగానే వీధి వీధంతా చేరింది.

లేపడం బాగానే లేపేవారు. ఫోన్ పెట్టెయ్యడమే వాళ్లకి చేతకాదు. నర్సమ్మ నాలుక చూసుకోమనేది, దాని రంగు చెప్పేదాకా వదిలేది కాదు. తాతయ్య "రైట్, రైట్" అని లేపి, ఆకాశం వంక చూసి, ఇవాళ వాన పడుతుందో లేదో చెప్పేవాడు. మిషను మామ్మ అయితే ఒక కుర్రాణ్ణి లేపి, ఇంటిపేరు అడిగి, వరసలు కలిపి, వాడు తనకి మనవడవుతాడని తేల్చేసరికి అవతల వాడి పరీక్ష సగమైపోయింది.

వాడు ఫిర్యాదు చేశాడు. మనవడై ఉండి ఇలా చేస్తాడా అని మామ్మ రెండురోజులు అలిగింది. మా డిపార్ట్‌మెంట్ హెడ్ గారు మొద్దుని పిలిచి, "రేపు ఏడింటికి కాలేజీ కమిటీ ముందుకొచ్చి సంజాయిషీ చెప్పు. బాగుంటే సంస్థ ఉంటుంది, లేకపోతే మూసెయ్" అన్నారు.

"పొద్దున ఏడింటికా సార్?"

"లేపే సంస్థ నీదే కదా, నీకేం ఇబ్బంది?"

ఈ సంగతి చెప్పడానికి సాయంత్రం తాతయ్య ఇంటికెళ్లాం. ఆయన విని, గుడ్డతో ఫోన్ తుడిచి బల్లమీద పెట్టాడు. "అయితే మళ్లీ రేడియోనేనన్నమాట," అన్నాడు. మొద్దు దారిపొడుగునా సంజాయిషీ బట్టీపడుతూనే వచ్చింది.

అయినా నేను నిశ్చింతగానే పడుకున్నాను. మేలుకొలుపు వచ్చాక నీళ్ల చెంబుకి ఎప్పుడో రాజీనామా ఇచ్చేశాను. దాన్ని తాతయ్య లేపుతాడు, నన్ను నర్సమ్మ లేపుతుంది.

మమ్మల్ని ఎవరూ లేపలేదు.

పాపం పెద్దవాళ్ల తప్పు కూడా కాదు. పిల్లకి అండగా నిలబడాలని అందరూ చీకట్లోనే స్నానాలు చేసి, ఇస్త్రీ బట్టలు కట్టుకుని, గుంపుగా కమిటీ హాలుకి బయల్దేరారు. పెళ్లి హడావుడిలో తాళి కట్టడం మర్చిపోయినట్టు, లేపడమనే ముక్క ఒక్కరికీ గుర్తు రాలేదు. ఏడయ్యింది. హాల్లో వీళ్లు వరసగా కూర్చున్నారు. ఎదురుగా కమిటీ కుర్చీలన్నీ ఖాళీ. బయట ఒక్క పిల్లకాయ లేడు. ఇవాళ సెలవేమో అన్నాడట వాచ్‌మన్.

మిషను మామ్మ నోటిమీద చెయ్యి పెట్టుకుని, "ఒరే, మనం ఎవర్నీ లేపలేదర్రా," అంది.

కూర్చున్నచోటే అందరూ ఫోన్లు తీశారు. మా గదిలో ఫోన్ మోగింది. "రైట్, రైట్. అమ్మా, కమిటీ," అన్నది తాతయ్య గొంతు. మొద్దు పరిగెత్తడం నేను జన్మలో అప్పుడే చూశాను. కాలికో రకం చెప్పు, అందులో ఒకటి నాది. నాకు మిగిలిన ఒక్క చెప్పూ వేసుకుని దాని వెనకే నేను.

మేం హాల్లో అడుగుపెట్టేసరికి నర్సమ్మ ఫోన్‌లో గద్దిస్తోంది. "లేచారా? నాలుక చూసుకున్నారా?"

"చూసుకున్నానమ్మా, బాగానే ఉంది," అని జవాబు ఫోన్లోంచీ గుమ్మంలోంచీ ఒకేసారి వచ్చింది. గుమ్మంలో హెడ్ గారు. చెవి దగ్గర ఫోను, చొక్కాకి ఒక గుండీ తప్పించి మరో గుండీ. పేరు మార్చుకుని మేలుకొలుపులో చేరింది ఆయనేనని నర్సమ్మకి కూడా అప్పుడే తెలిసింది. ఆయన వెనకే ఆవలిస్తూ మిగతా కమిటీ.

మొద్దు ఆయాసపడుతూ, బట్టీపట్టిన సంజాయిషీ మొదలుపెట్టబోయింది.

"వద్దులే, కూర్చో," అన్నారాయన గుండీలు సరిచేసుకుంటూ. "మీ వాళ్లు ఒక్కపూట లేపకపోతే ఏమవుతుందో నా వాలకమే చెబుతోంది. సంస్థ ఉంటుంది. కానీ ఫోన్‌లో కబుర్లు తగ్గించాలి."

"నాలుక సంగతి కూడా అడగొద్దా?" అంది నర్సమ్మ.

ఆయన ఆఖరి గుండీ పెట్టుకున్నారు. "అది ఉండనివ్వండి."

బయటికొచ్చాక తాతయ్య మెట్లమీద ఆగి, ఉత్సాహంగా, "రేపెన్నింటికి లేపమంటావు?" అన్నాడు.

"రేపు ఆదివారం తాతయ్యా."

"అవునవును, మర్చేపోయాను," అంటూ ఫోన్ జేబులో పెట్టేసుకున్నాడు.

మొద్దుకి ఆదివారమంటే మధ్యాహ్నం భోజనంతో మొదలవుతుంది. ఆయన జేబు వంక ఒకసారి చూసి, పెద్ద నిట్టూర్పు విడిచింది. "అయినా లేపండి. ఎప్పటి వేళకే. లేచి, వాన పడుతుందో లేదో విని, మళ్లీ పడుకుంటాను."

చెప్పినట్టే లేచింది, విన్నది, మళ్లీ పడుకుంది. నాకే మెలకువ వచ్చేసి ఇంక నిద్ర పట్టలేదు.