హాల్ల కూసున్న పెద్దమనుషులు

పోయిన నెల అడాజన్ల నా ఇజ్జత్ ఎట్ల పోయిందో చెప్త. తప్పు నాదేనా, మీరే చెప్పుండ్రి.

మిల్లుల రిటైరైనంక కొడుకు తీసుకున్న ఫ్లాట్లకు వచ్చినం. పాత గల్లీల బయట అడుగు పెడితే పదిమంది మనోళ్లు. ఈడ అంత గుజరాతోళ్లే, లిఫ్టుల కూడ ఎవ్వడు మాట్లాడడు. పప్పుల ఉప్పెక్కువైందని నేను మూడోసారి అన్న దినం మా లచ్చవ్వ, "జర బయటికి పోయి దోస్తులను చూసుకోరాదయ్యా" అన్నది.

పక్క ఫ్లాట్ రమణీక్‌భాయ్‌ని అడిగిన. "సాయంత్రం ఐదుకు కింద హాల్ల బుజుర్గులు, నీ ఈడు పెద్దోళ్లు, కూసుంటరు, రా కాకా" అన్నడు. ఏ దినమో కూడ చెప్పిండట. ముప్పై ఏండ్లు మిల్లుల బట్ట నేసే సాంచల చప్పుడు ఇన్న చెవులు, సగం ఇంటయి, సగం ఇనవు.

శనివారం తెల్ల అంగీ తొడుక్కొని పోయిన. హాల్ నిండ తెల్లబట్టల ముసలోళ్లు. దండం పెట్టిన, వాళ్లూ పెట్టిండ్రు. ఎనుక కూసున్న. పది నిమిషాలైనా ఒక్కడు నోరు తెరువడు. నాకు మండింది. కొత్తోడు వస్తే ఒక్క మాట మాట్లాడరా? ఇగ మనమే మొదలు పెడుదమని పక్కాయనకు హిందీల చెప్పిన: "నేను రిటైరైన. ఇగ రోజు వస్త. ఈడ చాయ్ లేదా? పత్తలాట గిట్ల ఆడరా?"

ఆయన జేబులకెల్లి రుమాల్ తీసిండు. మళ్ల నేనే అడిగిన.

"ఈ బైఠక్ ఎవరు పెట్టిండ్రు?"

"మా అన్న కోసం మేమే పెట్టినం."

"మరి ఏడి? ఎప్పుడొస్తడు?"

"ఇగ రాడు" అని ముందుకు ఏలు చూపిండు. అడ్డమున్నోళ్లు జరిగిండ్రు. పూలదండేసిన ఫోటో.

లేసి ఉరుకుదమంటే కాళ్లు తిమ్మిరెక్కినయి. చేతులు జోడిచ్చి "మాఫ్ కరో" అన్న. ఆయన రుమాల్ మూతికి అడ్డం పెట్టుకున్నడు, భుజాలు ఊగుతున్నయి. ఏడుస్తుండనుకున్న. నవ్వుతుండు.

ఇంటికొచ్చి రమణీక్‌భాయ్ మీద పడ్డ. "కాకా, రవివార్ అన్న గద, నువ్వు శనివారమే పోయినవా" అన్నడు. లచ్చవ్వ కొంగు నోట్ల కుక్కుకున్నది. దోస్తానా వద్దు, ఏం వద్దు, ఆ హాల్ మొఖం చూడనని ఒట్టు పెట్టుకున్న.

రెండు వారాలైనంక ఆదివారం తలుపు చప్పుడైంది. చూస్తే ఆ దినం హాల్ల నా పక్క కూసున్న తమ్ముడే. పేరు కాంతిభాయ్.

"అన్న పోయినకాన్నుంచి నేను నవ్వింది ఆ ఒక్కపారే" అన్నడు. "పత్తలాటల ఆయన జాగ ఖాళీగున్నది. వస్తరా?"

 చెప్పులేసుకొని ఎంట పోయిన. హాల్ల నలుగురు కూసున్నరు. కాంతిభాయ్ నన్ను చూపిచ్చి, "ఈయన..." అన్నడో లేదో, నలుగురు ఒక్కపారే "ఎరుకే, ఎరుకే" అన్నరు.

నాకైతే పేరు చెప్పుకునే పనే పడలే.