జిమ్మీ బాలింతైన కాలువ

ఎండిన కాలువను కొత్తనీరు తాకగానే లేచే మట్టివాసన గుర్తుందా, నా ఈడువాళ్లారా? ఇవాళ పొద్దున చర్చిలో ఆ వాసన తగిలి, ప్రసంగం మధ్యలో నా మాట ఆగిపోయింది.

డెబ్బైల్లో మా కొలకలూరులో, వేసవికి కాలువకు నీళ్లు కట్టేశాక, వంతెన నీడన చల్లటి ఇసుకే నాకూ మా కుక్క జిమ్మీకీ స్వర్గం. ఒక ఏడు అది అక్కడే పిల్లల్ని పెట్టింది. నీళ్లు వదిలారని తెలిసి ఊరంతా పసుపు కుంకుమలతో గట్టెక్కింది. జిమ్మీ మాత్రం ఎంత పిలిచినా కూనల్ని వదిలి రాలేదు.

"ఏంటే, మేళతాళాలతో పిలవాలా నిన్ను?" అంటూ మా నాయనమ్మ చీర ఎగదోపి కాలువలోకి దిగింది.

"పిన్నీ, నీళ్లొచ్చేస్తున్నాయి. కుక్క కోసం దిగుతావేంటి?" అన్నాడు పక్కింటి మామయ్య.

"బాలింతరా అది. మీ అమ్మ నిన్ను కన్నప్పుడు పరిగెత్తిందేంట్రా?"

కూనల్ని ఒడిలో కట్టుకుని ఆమె గట్టెక్కుతుంటే, మొదటి నురగ మడమల్ని తాకింది. జిమ్మీ ఆ ఒడినే చూస్తూ వెంట నడిచింది.

దయ గురించి నేను పరిశుద్ధ గ్రంథంలో గీత గీసుకున్న వాక్యాలన్నీ ఆ ఒడిని తలుచుకుంటేనే అర్థమవుతాయి.

మీ కాలువకు నీరింకా చేరలేదేమో. నా ప్రసంగం రేపు వినొచ్చు. ఇప్పుడే వెళ్లి, వంతెన కిందకు వంగి చూడండి.