మెట్టు లేని బస్సు

అక్క పోయిందన్న సంగతి నాకు ఇంటోళ్లు చెప్పలే. పాత ఆఫీసు వాట్సాప్ గ్రూపుల చూసిన. పొద్దుగాల చాయ్ తాగుకుంట ఫోన్ తీస్తె మా పెద్దసారు పెట్టిన మెసేజ్ కండ్ల వడ్డది. "మన సంస్థ ముద్దుబిడ్డ ఇక లేరు" అని అక్క పేరుతోని రాసి, కింద వరుసగ దండం పెట్టే బొమ్మలు పెట్టిండు. దాని కింద ఫోటో ఉన్నది. అక్కది కాదు, కంపెనీ బస్సుది. ముద్దుబిడ్డనట! బతికున్నప్పుడు ఆ ముద్దుబిడ్డను స్పేర్ పార్టుల గోదాంల కూసోబెట్టిన మనిషి రాసిన మాటలవి. నాకు చాయ్ సహించలే. కప్పు అట్లనే పెట్టి వాకిట్లకు వచ్చి నిలబడ్డ. ఏడుపు తర్వాత వచ్చింది. ముందుగాల వచ్చింది ఏవగింపే.

మీకు ఆమె ఎవరో తెల్వదు. తెల్వనియ్యలే గాబట్టి నేను చెప్తున్న. పట్నం అంచుల బస్సు బాడీలు కట్టే కంపెనీల నేనూ ఆమె ఒక్కకాడ పనిచేసినం. డీజిల్‌తోని, కరెంటుతోని, రెండిటితోని నడిచే సిటీ బస్సు తయారు చెయ్యాలన్నది అప్పటి పని. దాని నేల తక్కువ ఎత్తుల ఉండాలె, మెట్టెక్కే పని లేకుంట రోడ్డు మీదికెల్లి సీదా లోపల కాలు పెట్టాలె. ఆ బస్సు నేలను, తలుపును, తలుపుకాడ పరిచే ర్యాంపును గీసింది మా అక్క.

నాది మానుకోట. ఉద్యోగంల చేరిన మొదటి రోజు ఆమెను మేడం అన్న. తలెత్తకుంటనే అడిగింది, "ఏ ఊరు నీది?" అని. చెప్పిన.

"నాది నర్మెట్ట పక్కన తండా. మేడం అని గా చివరి రూములున్నోళ్లను పిలువు. నన్ను అక్కా అను, పలుకుత."

చివరి రూముల ఉండేది పెద్దసారు. మీటింగుల అక్క లేచి "గిట్ల చేస్తె వంగుతది సార్" అంటె, ఆయన పక్కనోళ్ల దిక్కు చూసి "గిట్లనా, గట్లనా?" అని పండ్లికిలించేటోడు. సారు నవ్విండు గాబట్టి మిగిలినోళ్లు నవ్వేటోళ్లు. మా మాట అంటె వాళ్లకు సినిమాల జోకర్ మాట. పైనుంచి అక్క ఫోన్ల వాళ్ల యాడితోని తండా భాషల మాట్లాడితె ఇంకింత ఇకిలింపు. యాడి అంటె వాళ్ల భాషల అమ్మ. అక్క ఒక్కనాడు ఎదురు తిట్టలే. నవ్వులన్నీ అయిపోయేదాక చేతులు కట్టుకొని నిలబడి, "అయిపోయిందా సార్? ఇగ బస్సు సంగతి మాట్లాడుదమా?" అనేది.

ఆమె నోట్ల ఎప్పుడూ ఒకటే మాట, గలీజ్. ఒకరోజు షెడ్డుల పనిచేసి చేతులకు గ్రీజు అంటిందని నేను "అంతా గలీజయింది అక్కా" అన్న. రొట్టె తుంచుకుంట నా దిక్కు చూసింది. "గ్రీజు గలీజ్ కాదురా, సబ్బు పెడితె పోతది. మనిషికి ఇబ్బంది అయితదని తెలిసి తెలిసి చేసే పని ఉంటది చూడు, గది గలీజ్" అన్నది. అప్పటిసంది నేను గ్రీజును ఆ మాట అనలే.

అక్క బస్సెక్కితె మనుషుల మొఖాలు చూడదు, కాళ్లు చూస్తది. ఎవలు ఏ కాలు ముందు పెట్టిండ్రు, ఎవలు కమ్మీ పట్టుకున్నరు, ఎవలు వెనుకకు గుంజుకున్నరు, అదే లోకం. యాడికి పోయినా మెట్టు కనవడితె జాన పెట్టి కొలుస్తది. బ్యాంకు మెట్టు, దవాఖాన మెట్టు, ఆఖరికి నా పెండ్లి స్టేజీ మెట్టు గూడ. చేతుల అక్షింతలు పట్టుకొని వచ్చినామె స్టేజీ కింద వంగి కొలుసుడు పెట్టింది. మా అత్తగారోళ్లు ఏందో పోయింది, దేవులాడుతాందనుకున్నరు. "మూడు జానలు పెట్టిండ్రు కదరా! మీ నాయినమ్మ ఎట్ల ఎక్కుతది? నీ పెండ్లి గలీజ్" అన్నది అందరు వినంగ. మా నాయినమ్మ నిజంగనే కింద కుర్చీల కూసొని ఉన్నది. అక్క పోయి వంటోళ్లకాడి పీటలు రెండు తెచ్చి వేసి, ముసలామెను పైకి పంపి, అప్పుడు నా నెత్తిన అక్షింతలు వేసింది.

గీ మెట్ల పిచ్చి ఎందుకని ఒకసారి అడిగిన. అన్నం తినుకుంట మామూలుగ చెప్పింది. అక్క చిన్నగున్నప్పుడు జనగామ బస్టాండుల యాడి బస్సెక్కుతాంది. నెత్తి మీద మూట, అద్దాలు కుట్టిన బరువు లంగా, ఒక కాలు మెట్టు మీద, ఒక కాలు కింద. "జల్దెక్కు, తండా మొఖమా" అని కండక్టర్ తిట్టుకుంటనే సీటీ ఊదిండు. బస్సు కదిలింది. యాడి పడ్డది. ఆనాటిసంది ఆమె కుడి మోకాలు వంగలే.

"యాడి మోకాలు వంగదు రా. అందుకని నేను బస్సును వంగబెడుతున్న" అన్నది.

ఇది ఉత్త మాట కాదు, నిజంగనే బస్సు వంగుతది. చక్రాల మీద ఇనుప పట్టీల బదులు గాలి సంచులు పెడితె, బస్సు ఆగినప్పుడు తలుపు దిక్కు సంచులల్ల గాలి వదలొచ్చు. అప్పుడు బస్సు ఆ పక్కకు నాలుగు వేళ్ల మందం దిగుతది. బయటి దేశాలల్ల ఎప్పటిసందో ఉన్నదే. అక్క దాన్ని మన రోడ్లకు, మన కాళ్లకు కుదిరిచ్చింది. అందుకోసం ఆఫీసుల కొలతలకు వాడే కంప్యూటర్ మనిషిబొమ్మను నమ్మలే. చెక్కలతోని బస్సు నేల, తలుపు, ర్యాంపు సరిగ్గ అదే ఎత్తుల కట్టిచ్చి, ట్రాలీల వేసుకొని నర్మెట్ట సంతకు తీసుకపోయింది. కూరగాయల గంపతోని, కట్టె పట్టుకొని, మేకను గుంజుకుంట, ఎవలెట్ల వస్తె అట్ల ఎక్కుమన్నది. ఒక అవ్వ లంగా అంచు ర్యాంపు మడతబందుల చిక్కింది. "అగో, చిరిగె!" అని అవ్వ తిట్టింది. అక్క సంబురపడ్డది. తెల్లారి ఆ మడతబందును కిందికి దించి గీసింది. ఏ పుస్తకంల రాసుంటది మా తండా లంగా అంచు సంగతి?

అసలు లొల్లి బ్యాటరీల మీద వచ్చింది. హైబ్రిడ్ బస్సుకు పెద్ద బ్యాటరీలు కావాలె. నేల కింద పెడదామన్నడు పెద్దసారు. పెడితె నేల లేస్తది, నేల లేస్తె తలుపుల మెట్టు వస్తది. అక్క టాపు మీద పెడదామన్నది. టాపు మీద పెడితె నిలువు కమ్మీలు గట్టివి కావాలె, ఎండకు కాగకుంట గాలి ఆడాలె, పని ఎక్కువ. "నెత్తిన మూట మోసే యాడి బిడ్డను సార్, బరువు పైన ఎట్ల నిలబెట్టాల్నో నాకు ఇడిసిపెట్టుండ్రి" అన్నది. నిలబెట్టింది కూడ. మొదటి బస్సు అక్క గీసినట్టే తయారైంది.

అవి తెలంగాణ ఉద్యమం మస్తు జోరు మీదున్న రోజులు. సీట్లల్ల మనుషుల బదులు ఇసుక బస్తాలు వేసి ఆ బస్సును ఓరుగల్లు రోడ్డు మీద నడిపి చూస్తున్నం. వాపస్ వచ్చేటప్పుడు జనగామకాడ రోడ్డు బందు. నడిరోడ్డు మీద పొయ్యిలు పెట్టి వంటావార్పు చేస్తున్నరు. రాళ్లు అడ్డం, జెండాలు, డప్పులు. పెద్దసారు మొఖం తెల్లవడ్డది. సీటు కిందికి జారుకుంట అక్కతోని అన్నడు, "నువ్వు దిగు. మీ భాషలో ఏదైనా చెప్పు." ఏ భాషను చూసి ఇన్నేండ్లు ఇకిలించిండో ఆ భాష వెనుక దాక్కున్నడు!

అక్క దిగింది. చేతుల గంటె పట్టుకున్న ఒకామె ఎదురొచ్చింది.

"ఎవలది బస్సు?"

"మనదే అక్కా. నేను నర్మెట్ట దిక్కు తండా బిడ్డను. నేనే గీసిన."

"బస్సును గీసుడేంది? ముగ్గా?"

"జర చూడుండ్రి" అని అక్క డ్రైవర్‌కు సైగ చేసింది. సుయ్‌మని గాలి పోయింది. అంత పెద్ద బస్సు తలుపు దిక్కు మెల్లగ ఒరిగింది. రోడ్డు మీది ఆడోళ్లంతా ఒక్కసారి వెనుకకు జరిగి, మళ్ల ముందుకొచ్చిండ్రు. "అవ్వో! బస్సు దండం పెడుతాంది!" అని ఒక ముసలామె నోటి మీద చెయ్యేసుకున్నది.

తండా నుంచి వచ్చినోళ్లల్ల యాడి ఉన్నది. అక్క ఆమెను పిలువలే, చెయ్యి గూడ ఇయ్యలే, ర్యాంపు పరిచి పక్కకు జరిగి నిలబడ్డది. పెదవులు బిగపట్టుకొని యాడి కాళ్లనే చూస్తాంది. యాడి తలుపుకాడికి వచ్చి అలవాటుగ కమ్మీ కోసం చెయ్యి ఎత్తింది. పట్టుకునే అవసరమే రాలే. వంగని కాలు ముందు పెట్టి, రెండో కాలు తెచ్చుకొని, లోపలికి నడిచిపోయింది. ఇసుక బస్తా పక్కన కూసొని, సీటును అరచేతితోని నిమిరి, తన భాషల ఏందో అన్నది. అక్కకు కండ్లల్ల నీళ్లు తిరిగినయి.

"ఏమంటాంది?" అని అడిగిన.

"గీ బస్సు నన్ను తిట్టలే, అంటాంది."

ఆ తర్వాత ఎక్కనోళ్లు లేరు. మాకు ఆకులల్ల అన్నం పెట్టిండ్రు. పెద్దసారు ముక్కుకు చేతిరుమాలు అడ్డం పెట్టుకొని, వద్దని చెయ్యి ఊపిండు. వాళ్లు దిగినంక సీట్లు తుడిపిచ్చిండు. అయితే తుడిపియ్యక ముందు ఫోన్ తీసి యాడి ఫోటో మాత్రం కొట్టుకున్నడు. ఆ ఫోటోనే తర్వాత కంపెనీ పాంప్లెట్ మీద ఎక్కింది.

తెలంగాణ వచ్చింది. పెద్దసారుకు రాత్రికి రాత్రే యాస వచ్చింది! మెడల కండువా వేసుకొని, మాటకు ఒకసారి "జర", మాటకు ఒకసారి "మన బిడ్డలు". ఆ "జర" ఆయన నోట్ల వింటుంటె ఎంగిలి ఇస్తరి మళ్ల నా ముందట వేసినట్టుండేది. గా నోటితోనే, ఖర్చు ఎక్కువైతాందని, బ్యాటరీలను నేల కిందికి దించుమన్నడు. గాలి సంచులు తీసేయమన్నడు, ర్యాంపు తీసేయమన్నడు. చక్రాల కుర్చీ బొమ్మ మాత్రం తలుపు మీద అతికిచ్చుమన్నడు. బస్సు పక్కకు ఇంత పెద్ద అక్షరాలతోని "లో ఫ్లోర్" అని రాపిచ్చిండు. తలుపుల మెట్టు, మెట్టు లేదని రాత!

డ్రాయింగు మీద అక్క సంతకం కావాలె. పెట్టలే. "మెట్టు పెట్టుకుంటె పెట్టుకోండ్రి సార్, పేరు మార్చుండ్రి. మెట్టు పెట్టి, లేదని రాసి, మా యాడి ఫోటో అతికిచ్చుడు గలీజ్" అన్నది. తెల్లారే గోదాంకు పంపిండ్రు. సంతకం వేరేటోళ్లు పెట్టిండ్రు, బస్సులు రోడ్డెక్కినయి. అక్క కొన్నాళ్లు బోల్టుల డబ్బాల నడుమ కూసొని, కొలువు ఇడిసిపెట్టి తండాకు పోయింది. నేను గూడ కొన్నాళ్లకు బయటికొచ్చి జనగామల వర్క్‌షాపు పెట్టుకున్న.

ఆమెకు కిడ్నీలు పాడైనయి. రక్తం కడిగిపిచ్చుకునేటందుకు జనగామ దవాఖానకు బస్సులనే వచ్చేది. ఆఖరుసారి నేను చూసింది బస్టాండుల. ఉబ్బిన కాళ్లతోని కమ్మీ పట్టుకొని దిగి, రొప్పుకుంట నిలబడి, వెనుకకు తిరిగి ఆ మెట్టుకు జాన పెట్టింది. "ఇంకా గంతే ఉన్నది రా" అని నవ్వింది. నాకు నవ్వు రాలే. బస్సులు చేసిన మనిషి బస్సు దిగలేక రొప్పుతుంటె ఎవలకు నవ్వొస్తది?

ఆమె పోయినంక కంపెనోళ్లు జనగామ ఫంక్షన్ హాలుల సభ పెట్టిండ్రు. బయట కొత్త బస్సు, దాని అద్దానికి అక్క ఫోటో, పూలదండ. పెద్దసారు ముప్పావుగంట మాట్లాడిండు. అన్నీ ఆయన కలలేనట, అక్క సాయం చేసిందట. అయిపోయినంక యాడిని బస్సుకాడికి పట్టుకపోయిండ్రు. "ఎక్కు అవ్వా, నీ బిడ్డ చేసిన బస్సు. జర ఒక ఫోటో." ఇద్దరు మొగోళ్లు ఆమె చంకల కింద చేతులు పెట్టి లేపబోయిండ్రు.

యాడి వాళ్ల చేతులు ఇదిలిచ్చుకున్నది. వంగని కాలు పక్కకు చాపి, నడుము వంచి, తలుపుల మెట్టుకు జాన పెట్టింది. అచ్చం అక్క పెట్టినట్టే పెట్టింది. ఎవలు ఎవలకు నేర్పిండ్రో నాకు ఇప్పటికీ తెల్వదు.

"గిది నా బిడ్డ బస్సు గాదు" అన్నది. "నా బిడ్డ బస్సు వంగుతది."

పెద్దసారు "పాపం, బాధలో ఉంది" అనుకుంట తానే మెట్టెక్కి, తలుపుల నిలబడి చెయ్యి ఊపిండు. ఫోటో తీసిండ్రు. నేను థూ అని రోడ్డు మీద ఉమ్మేసి, యాడిని నా ఆటోల ఎక్కిచ్చుకొని తండాకు తీసుకపోయిన.

అక్క సంతకు తెచ్చిన చెక్క బస్సు ఇంకా ఆ ఇంటి ముందట ఉన్నది. తలుపు చట్రం ఊడిపోయింది, నేల ఉన్నది, ర్యాంపు ఉన్నది. ఎండకు, వానకు తెల్లవడ్డది. యాడి దాన్నే అరుగు చేసుకున్నది. ఆటో దిగి ఎవల చెయ్యీ పట్టుకోకుంట ర్యాంపు మీదికెల్లి నడిచి పోయి కూసున్నది. నాకు చెంబుల నీళ్లిమ్మని లోపలోళ్లకు చెప్పింది. నేను కింద నిలబడి తాగుతున్న. ఇంటి గడప ఎక్కలేని కోడిపిల్లలు ర్యాంపు మీద ఒకదాని వెనుక ఒకటి నడిచొచ్చి యాడి లంగా అంచు కింద దూరుతున్నయి.