అడుగుకూ చెక్కకూ నడుమ

మా చెక్కభజన గురువు గారు పోయారని బద్వేలు సంతలో తెలిసింది. ఎద్దులకు చొప్ప బేరమాడుతున్నాను. ఈ కరువులో చావు కబురు కొత్త కాదు. అయినా ఇది విన్నాక బేరం అక్కడే వదిలేసి ఆయన ఊరికి బయలుదేరాను. ఆయనకూ నాకూ రెండేళ్లుగా మాటల్లేవు. తప్పు నాది.

మీలో చెక్కభజన చూసినవాళ్లకు తెలుసు, కాలు పడగానే, అడుగు మీద చేతిలోని చెక్క కొట్టడం అందరికీ వస్తుంది. అడుగుకూ అడుగుకూ నడుమ కొట్టడమే కష్టం. నాకది ఒక పట్టాన రాలేదు. పొద్దంతా చేలో గుంటక తోలి వచ్చిన మనిషి, ఆయన, నా మణికట్టు పట్టుకుని గంటసేపు నిలబడేవారు. కాలు నేలకు తగిలేదాకా పట్టు వదిలేవారు కాదు, తగిలాకే వదిలేవారు.

"కాలూ చెయ్యీ ఒగేసారి పడితే కొర్రలు దంచినట్లుంటాదప్పా. రోంత జాగా ఇడువు. పాట ఆడ ఊపిరి తీసుకుంటాది," అనేవారు. తిట్టడం ఎరుగరు. మరీ కోపమొస్తే బీడీ ముట్టించేవారు.

మోకాళ్లు పట్టేశాక జట్టును నాకప్పగించారు. కర్నూలు రాజధాని అయిన ఏడాది వేంపల్లెలో పోటీ పెట్టారు. మావాళ్లు అలసిపోయి ఉన్నారు, నేనూ అంతే. ఎక్కడ తప్పుతామోనని దెబ్బలన్నీ అడుగు మీదికే మార్చేశాను. జనం ఈలలు వేశారు, శాలువా మాకే కప్పారు. పక్కన కూర్చుని మాకు తాళం వేసిన ఆయన, తాళాలు సంచిలో వేసుకుని, "గెల్చినావులే నాయనా," అని బస్సెక్కేశారు. అంతకంటే చెంపదెబ్బ మేలు. క్షమించమని అడగాలని ఎన్నిసార్లు బయలుదేరానో. ఏదో పని అడ్డం వచ్చేది. నిజం చెప్పాలంటే సిగ్గే అడ్డం వచ్చేది.

శవం ముందు భజన మా వైపు ఆచారం. జట్టు నన్నే ముందు నిలబడమంది. రెండేళ్ల అలవాటు ఎక్కడికి పోతుంది, చెక్క అడుగు మీదే పడింది. ఆపి మళ్లీ మొదలుపెట్టాను. మళ్లీ అంతే. ఆయన చివరిసారి వినవలసింది ఇదా అని ఏడుపొచ్చింది.

తల దగ్గర ఆయన భార్య కూర్చుని ఉంది. మేమంతా పెద్దమ్మ అంటాం. నలభై ఏళ్లు గడప లోపలి నుంచే భజన విన్న మనిషి. నావైపు చూడకుండానే, "నిదానంగా కొట్టు నాయనా. ఈ పొద్దు ఆయనకేం తొందర లేదు," అంది.

అని, చాప అంచు మీద అరచేత్తో తట్టసాగింది. నా అడుగు పడేది, రవ్వంత ఆగి ఆమె చెయ్యి పడేది. ఆ చేతినే చూసుకుంటూ చెక్క కొట్టాను. ఆయన్ను పాడె మీదికి ఎత్తేదాకా ఆమె చెయ్యి ఆపలేదు.