హైమ ఇంటి ముందు కారవాన్

"...అంటే వాన గూడ నేనే తెచ్చిన్నా ఏంది? మే నెలల మంచు తడి మీదనే మడతపెట్టింది నువ్వు. వద్దని చెప్పిన్నా, లేదా?"

"మెల్లగ మాట్లాడు. కిటికీ తీసుంది."

"ఉండనీ. మన బండి మనం తీస్కపోయి మళ్ల తెచ్చి పెట్టాల్నంటే ఆ అక్క ముంగట ఎగ్జామ్ రాసినట్టుంటది. ఇయ్యాల ఫెయిలే, చూడు."

తీసి ఉన్న కిటికీ హైమ వంటింటిది. సింకు దగ్గర కొత్తిమీర కడుగుతున్న హైమ కుళాయి కట్టేసింది. నీళ్ళ చప్పుడు ఆగితే తను విన్నట్టు తెలిసిపోతుందని మళ్ళీ తిప్పింది.

బయట పోట్లాడుకుంటున్నది స్రవంతి, ఆమె భర్త అమరేందర్. సోమవారం దాకా వేల్స్‌లో ఉండాల్సినవాళ్ళు ఆదివారం పొద్దున పదకొండింటికే కోవెంట్రీ వచ్చేశారు. రాత్రి కారవాన్‌లో ఎడమ కొస పడక మీద వాన కారిందని ఫోన్‌లో ముందే చెప్పారు. ఇప్పుడు దాన్ని హైమ ఇంటి ముందు బళ్ళు నిలిపే డ్రైవ్‌ మీద నిలబెట్టి, ఆరబెట్టడానికి తెరుస్తున్నారు.

కారు వెనక తగిలించి లాక్కెళ్ళే ఆ కారవాన్ రెండు కుటుంబాలదీ. మూడేళ్ళ కిందట హైమ భర్త రఘు, అమరేందర్ కలిసి కొన్నారు. హైబ్రిడ్ రకం: నడుమ గట్టి గోడల గది, అందులో స్టవ్వూ సింకూ ఉంటాయి. రెండు కొసలా తలుపుల్లాంటి పలకలు బయటికి వాలిస్తే అవే పడకలవుతాయి, వాటి మీద కాన్వాస్ గుడ్డ గుడారంలా లేస్తుంది. అప్పట్లో అమరేందర్ వాళ్ళు ఫ్లాట్‌లో ఉండేవాళ్ళు కాబట్టి బండి హైమ ఇంటి ముందే పెట్టారు. పోయిన చలికాలంలో వాళ్ళు సొంత ఇల్లు కొనుక్కున్నారు. ఆ ఇంటి పక్కన బండి పట్టేంత జాగా ఉంది. అయినా బండి జరగలేదు. జరపాలన్న మాట హైమ ఎత్తలేదు, ఎత్తే ధైర్యం వాళ్ళకి లేదు.

బండికి సంబంధించిన నియమాలన్నీ హైమ పెట్టినవే. కప్‌బోర్డు తలుపు లోపలివైపు తొమ్మిది నియమాల కాగితం లామినేట్ చేసి అంటించింది. ఒకటోది, తడిగా మడిచి తెచ్చిన గుడ్డని ఒక్క రోజులోపు తెరిచి ఆరబెట్టాలి. నాలుగోది, పడకల మీద తినకూడదు. బండి తిరిగి వచ్చినప్పుడల్లా తనే వెళ్ళి మూలలు వేలితో తడిమేది, కుట్ల దగ్గర ముక్కు పెట్టి బూజు వాసన చూసేది. అంతా సరిగ్గా ఉంటే కాగితం కింది గడిలో, తీసుకెళ్ళినవాళ్ళ సంతకం పక్కన, తన పొడి అక్షరాలు వేసేది.

అది ఆమెకి ఉద్యోగంలో వచ్చిన అలవాటు. తెనాలిలో కెమిస్ట్రీ చదివి, పెళ్ళయ్యాక ఈ దేశం వచ్చి, రెండేళ్ళు ముసలివాళ్ళ కేర్ హోమ్‌లో చేసింది. ఆ తరవాత పదకొండేళ్ళుగా ఒక ఆస్పత్రిలో ఆపరేషన్ సామాను శుభ్రం చేసే విభాగంలో ఉంది. థియేటర్ నుంచి వచ్చిన కత్తెరలూ పట్టకార్లూ కడిగి, భూతద్దం కింద చూసి, పొట్లాలు కట్టి, ఎవరు కడిగారో లేబుల్ మీద రాస్తారు. ఎక్కడన్నా చిన్న మరక కనిపిస్తే ఆ లేబుల్ పట్టుకుని వెనక్కి వస్తారు, ఐదు నిమిషాల్లో మనిషి తేలుతుంది. పదకొండేళ్ళలో ఒక్కసారి కూడా ఎవరూ వెనక్కి వచ్చి హైమ దగ్గర ఆగలేదు. ఈ సంగతి ఆమె ఎక్కడా చెప్పుకోదు గానీ, తెలియని వాళ్ళూ లేరు.

కొత్తిమీర జల్లెడలో వేసి, చేతులు తుడుచుకుని బయటికి వచ్చింది. అమరేందర్ పలక వాలుస్తూ ఆగిపోయాడు.

"అక్కా, నువ్వు జూస్తవా?"

"తెరవండి ముందు."

వాళ్ళ ఐదేళ్ళ తేజ రెయిన్ కోటు విప్పకుండానే ఎదురొచ్చింది. "ఆంటీ, ఇట్ రెయిన్డ్ ఆన్ మై ఫేస్!" అంది, అదేదో బహుమతి గెలిచినట్టు.

కుడి కొస గుడ్డ మీద రాత్రి వాన నీళ్ళు ఇంకా ముత్యాల్లా నిలిచి ఉన్నాయి. పలక కదిలించగానే జారిపోయాయి. ఎడమ కొస గుడ్డ మీద తడి ఇంకింది గానీ, పై నుంచి కింద దాకా కాదు. ఒకచోటే, అడుగున వెడల్పుగా, పైన గుండ్రంగా, నల్లబడి బరువుగా వేలాడుతోంది. హైమ దగ్గరికి వెళ్ళి చెయ్యెత్తింది. తడి అంచు సరిగ్గా ఆమె వేళ్ళు అందినంత దూరంలో ఆగింది.

చెయ్యి దించేసింది.

"కుట్టు పోయిందా అక్కా?" అన్నాడు అమరేందర్.

"కుట్టు బాగానే ఉంది. లోపలికి రండి, టీ పెడతాను."

వాళ్ళు చెప్పులు విప్పుకునేలోగా ఆమె కారవాన్‌లోకి వెళ్ళి ఎడమ పడక పరుపు ఎత్తింది. గుడ్డ అంచున తెల్లటి చీటీ కుట్టి ఉంది. చల్లటి నీళ్ళు, మెత్తటి స్పాంజి. సబ్బు పొడి వాడరాదు, నీటిని ఆపే పూత పోతుంది. ఆస్పత్రిలో కొత్త బ్రష్ వచ్చినా దాని కాగితం మొదటి నుంచి చివరి దాకా చదివే మనిషి ఈ చీటీని ఇవాళే చూసింది.

కిందటి సెప్టెంబర్‌లో నార్‌ఫోక్ వెళ్ళినప్పుడు బయట గాలి ఎక్కువగా ఉందని హైమ వాళ్ళు పడకల మీదే కూర్చుని అన్నాలు తిన్నారు. వాళ్ళబ్బాయి ఆదర్శ్ పళ్ళెం ఒరిగి, పప్పు ఎగిరి గుడ్డ మీద పడింది. పసుపు మరక. ఇంటికొచ్చిన మర్నాడు రఘు ఆఫీసుకి వెళ్ళాక, వేడినీళ్ళలో సబ్బు పొడి కలిపి, బ్రష్ పెట్టి చెయ్యి అందినంత మేరా లోపలా బయటా రుద్దింది. మరక పోయింది. అమరేందర్ వాళ్ళు తీసుకెళ్ళేలోగా గుడ్డ కొత్తదానిలా తయారైంది. ఆ రోజు గడిలో మాత్రం పొడి అక్షరాలు వెయ్యలేదు. ఆ తరవాత చలికాలమంతా బండి కవరు కిందే ఉంది. మేలో మంచే తప్ప వాన లేదు, జూన్‌లో హైమ వాళ్ళు వెళ్ళినప్పుడూ చినుకు పడలేదు. నిన్న రాత్రిదే మొదటి వాన.

ఆమె వంటింట్లోకి వచ్చేసరికి రఘు టీ కప్పుల్లో పోస్తున్నాడు. అమరేందర్ కుర్చీ అంచున కూర్చుని ఉన్నాడు. స్రవంతి ఫోన్ చూసుకుంటోంది గానీ తెర మీద వేలు కదలడం లేదు.

"అన్నా, ఓ మాట చెప్త," అన్నాడు అమరేందర్. "మే నెలల పొద్దున్నే మంచు ఆరకముందే మడతపెట్టిన. ఇంటికొచ్చినంక రెండు రోజులకు తెరిచినం. అక్క అప్పుడే చెప్పింది గుడ్డ పాడైతదని. గట్లనే అయింది. అందుకే మేమిద్దరం అనుకున్నం, మేం తప్పుకుంటం. మీకు జాగ్రత్తగ చూస్కునే ఫ్యామిలీ ఎవరన్నా దొరుకుతరు."

"అబ్బే, అంత మాటెందుకు," అన్నాడు రఘు. కప్పు అతని ముందుకి జరిపి, "చూద్దాంలే, తొందరేముంది," అన్నాడు. అందులో వద్దన్న గట్టిదనం లేదని స్రవంతికి అర్థమైంది. ఫోన్ హ్యాండ్‌బ్యాగులో పెట్టుకుంది.

"మే నెలల ఎవరి సంతకం ఉందో కాగితం మీదనే ఉంది గద అన్నా," అంది, చూపు కప్పు మీదే పెట్టుకుని. "మేమే."

టీ తాగి లేచారంటే ఆ మాట ఖాయమైపోతుంది. వచ్చే వేసవికి ఇంకెవరో వస్తారు, వాళ్ళకి కూడా హైమ ఆ కాగితం చూపిస్తుంది. ఎవరూ వెనక్కి వచ్చి ఆమె దగ్గర ఆగరు. హైమ కుర్చీ లాక్కుని కూర్చుంది.

"ఆ గుడ్డ నేనే పాడుచేశాను, అమరేందర్."

"నువ్వా? అదేంది అక్కా?"

"సెప్టెంబర్‌లో సబ్బు పొడి వేసి రుద్దాను. దాని మీది పూతంతా పోయింది. ఎక్కడిదాకా రుద్దానో అక్కడిదాకే తడుస్తోంది, వెళ్ళి చూడు. నువ్వు మేలో మడతపెట్టినదానికీ దీనికీ ఏం సంబంధం లేదు."

రఘు టీ గిన్నె కింద పెట్టాడు. "ఎందుకు రుద్దావ్?" అన్నాడు.

"మనవాడు పప్పు ఒలకబోశాడుగా. వీళ్ళ కంట పడకూడదని."

ముందు గదిలో తేజ టీవీకి ఏదో జవాబు చెబుతోంది.

"అక్కా," అంది స్రవంతి నెమ్మదిగా, "పడక మీద కూసోని తిన్నరా మీరు?"

"తిన్నాం."

అమరేందర్ నవ్వు కనపడకుండా కప్పు మూతికి అడ్డం పెట్టుకున్నాడు. రఘు కిటికీలోంచి బయటికి చూస్తున్నాడు.

హైమ లేచి, ఫ్రిజ్ పక్కన కొక్కేనికి వేలాడుతున్న కారవాన్ తాళాలు తీసింది. రెండు జతలు. రెండూ స్రవంతి ముందు పెట్టింది.

"సాయంత్రానికి గుడ్డ ఆరిపోతుంది. పూత మందు నేను తెస్తాను, శనివారం మీ ఇంటికొచ్చి పూస్తాను. బండి మాత్రం ఇవాళే తీసుకెళ్ళండి. ఇకమీదట అక్కడే ఉంటుంది."