దిగిన బ్యాటరీ, ఎదురింటి అత్తయ్యగారు

మా ఎదురింటి అత్తయ్యగారు పోయిన మంగళవారం పొద్దున కాకినాడ ఆసుపత్రిలో కన్నుమూశారు. మా వీధిలో ఆ సంగతి అందరికంటే ముందు తెలిసింది నాకే, ఎందుకంటే ఆవిణ్ణి తీసుకెళ్ళింది నా కారులోనే. ఆ పొద్దున అది ఒక్క తిప్పుకి స్టార్ట్ అయిందంటే ఆవిడ చలవే. ఇప్పుడిలా రాయడానికి కూర్చున్నాను. నాలో సగం దుఃఖం, సగం భయం. ఆవిడ లేకుండా ఈ కారు ఎన్నాళ్ళు స్టార్ట్ అవుతుందోనని భయం. సిగ్గు విడిచి చెప్పేస్తున్నాను.

మా ఆవిడకి ఆయాసం. ముసురు పట్టిందంటే ఊపిరి అందదు. గోదావరికి వరద వచ్చిన ఓ రోజున ఆటో కోసం మోకాలి లోతు నీళ్ళలో కనకాలపేట దాకా నడిచాను. ఆటో దొరికి ఇంటికొచ్చేసరికి తన పెదాలు నల్లబడి ఉన్నాయి. ఆ రోజు గండం గడిచింది. ఆ నెలలోనే ఈ పాత కారు కొన్నాను.

ఆపద కోసం కొన్న కారు కాబట్టి, ఆపద లేనప్పుడు దాన్ని బయటికి తీసేవాణ్ణి కాదు. గీతలు పడతాయని ఒక భయం, నా డ్రైవింగ్ మీద నాకే నమ్మకం లేక ఇంకో భయం. పాత దుప్పటి కప్పి పోర్టికోలో భద్రంగా ఉంచాను. నెలన్నర తరవాత ఓ పొద్దున తనకి ఆయాసం వచ్చింది. తనని ముందు సీట్లో కూర్చోబెట్టి తాళం తిప్పితే టిక్కు టిక్కుమంది. మళ్ళీ తిప్పాను. ఆ టిక్కు కూడా లేదు.

ఆ చప్పుడు విని రోడ్డు దాటి వచ్చారు అత్తయ్యగారు. చేతిలో రెండు లావుపాటి వైర్లు, ఒకటి ఎర్రది, ఒకటి నల్లది. అప్పటిదాకా ఆవిడతో నాకు పలకరింపులే తప్ప పెద్ద పరిచయం లేదు.

"బ్యాటరీ చచ్చిపోయిందండీ," అన్నాను ఏడుపు గొంతుతో.

"లోపల ఆయాసంతో మనిషుండగా ఆ మాటేంటి బాబూ? దిగిపోయిందను. దిగింది ఎక్కుద్ది," అని కసిరి, వీధిలో వెళ్తున్న పాలవ్యాన్‌ని కేకేసి ఆపారు. రెండు బండ్లనీ ఎదురెదురుగా పెట్టించి ఎర్ర వైరు ముందు కలిపారు. నల్లది ఆఖర్న, అదీ మా బ్యాటరీకి కాదు, దూరంగా ఇంజిన్ ఇనుముకి తగిలించారు. బ్యాటరీ దగ్గర నిప్పురవ్వ లేవకూడదట. తగిలిస్తున్నంతసేపూ దేవుణ్ణి తలుచుకుంటూనే ఉన్నారు. నాకంటే భయస్థురాలు ఇంకొకరు ఉన్నారని ఆ రోజే తెలిసింది. కాకపోతే ఆవిడ భయం పని చేస్తుంది, నా భయం నిలబడి చూస్తుంది.

మెట్టకూరులో ఆవిడ భర్తకి బ్యాటరీలు ఛార్జింగ్ చేసే షాపు ఉండేదట. ఆయన పోయాక పన్నెండేళ్ళు ఆవిడే నడిపారు. లారీలవీ, ట్రాక్టర్లవీ, బోట్లవీ అన్నీ ఆవిడ చేతిమీదే ఎక్కేవి. నీళ్ళు పొయ్యక్కర్లేని సీలు బ్యాటరీలు వచ్చాక షాపు మూసేసి, ఛార్జర్‌ని ఇంటికి తెచ్చుకున్నారు. ఆవిడ చీరలన్నిటికీ మోకాళ్ళ దగ్గర సన్నటి చిల్లులు ఉండేవి. "ఒంటి మీద పడితే అప్పుడే మండుద్ది బాబూ. బట్ట మాత్రం ఉతికినప్పుడే చెప్పుద్ది," అనేవారు. యాసిడ్ చుక్క పడిన నూలు గుడ్డ చూడ్డానికి బాగానే ఉంటుంది, ఉతికితే ఊడిపోతుంది.

ఆ పొద్దున కారు అందుకుని మా ఆవిణ్ణి ఆసుపత్రికి చేర్చిన దగ్గర్నుంచి, అది అత్తయ్యగారి పూచీ అయింది. ఉప్పు గాలికి మా ఊళ్ళో బ్యాటరీ మొనల మీద తెల్లగా, పచ్చగా పొక్కు కడుతుంది. ఆదివారం పొద్దునే వచ్చి, నల్ల వైరు ముందు ఊడదీసి, వంటసోడా కలిపిన వేణ్ణీళ్ళతో పాత బ్రష్షు పెట్టి తోమేవారు. ఆరాక కూసింత వేజలీన్ రాసేవారు. బిగించేటప్పుడు నల్లది ఆఖర్న. మాది నీళ్ళు పోసే పాతరకం బ్యాటరీ కాబట్టి, మూతలు తీసి ఒక్కో గదిలో నీళ్ళెంతున్నాయో తొంగిచూసేవారు. డిస్టిల్డ్ వాటర్ అయిపోయిందని నేనోసారి తాగే నీళ్ళ క్యాన్ వంచబోతే చేతిమీద ఒక్కటిచ్చారు. చిన్నపిల్లాడికిచ్చినట్టే.

చివర్న మీటరు పెట్టి ఎన్ని వోల్టులుందో చూసేవారు. "పన్నెండున్నర పైనుంటే పడుకో. తక్కువుంటే నన్ను లేపు," అనేవారు. తక్కువ ఉందని నేను లేపిన రోజులకంటే, ఎక్కువే ఉన్నా అనుమానంతో లేపిన రోజులే జాస్తి. ఒక్కసారీ విసుక్కోలేదు. పైగా, "నాకూ అదే అనుమానం వచ్చిందిరా," అంటూ చెప్పులు వేసుకునేవారు.

నేను రోజూ పోర్టికోలోనే రెండు నిమిషాలు స్టార్ట్ చేసి ఆపేస్తున్నానని తెలిసి మండిపడ్డారు. స్టార్ట్ అవడానికి ఖర్చయిన ఛార్జి ఆ రెండు నిమిషాల్లో తిరిగి రాదట. దాంతో ప్రతి ఆదివారం ఏటి ఒడ్డునున్న దరియాలతిప్ప దాకా షికారు మొదలైంది. నేనూ, మా ఆవిడా, వెనక సీట్లో అత్తయ్యగారూ. ఏటి గాలికి మా ఆవిడ అద్దం దించబోతే, "చల్లగాలి వొద్దమ్మాయ్," అని వెనకనుంచి చెంగు అందించి ముక్కుకి అడ్డం పెట్టుకోమనేవారు. బ్యాటరీ ఎంత ఎక్కిందో తెలీదుగానీ, ఆ షికార్ల పుణ్యమా అని నాకు డ్రైవింగ్ వచ్చింది.

దసరాకి నేను చేసిన ఘనకార్యం ఒకటుంది. పొద్దున్నించీ బానెట్ ఎత్తి బ్యాటరీ ఛార్జింగ్‌లో పెట్టారావిడ. నేను స్నానం చేసి, పసుపూ కుంకుమా పెట్టి, బ్యాటరీ దాకా వంగి కర్పూరం వెలిగించబోయాను. ఎక్కణ్ణుంచి చూశారో, "ఆపరా!" అని వీధి అదిరేలా అరిచి, అగ్గిపెట్టె లాక్కుని రోడ్డు మీదకి విసిరేశారు. ఆ వయసులో అంత పరుగు! తరవాత అరుగు మీద కూలబడి, "ఎక్కేటప్పుడు గాలి వదుల్తాదిరా అది. అగ్గి చూపిస్తే పేలుద్ది. నీకేవన్నా అయితే అమ్మాయిని ఎవడు తీసుకెళ్తాడు?" అని కళ్ళు తుడుచుకున్నారు. ఆ ఏడు మా కారుకి హారతి లేదు. దణ్ణం పెట్టుకుని ఊరుకున్నాను.

ఇంత చేసినా, నేర్చుకోరా అంటే నేను నేర్చుకోలేదు. మీరున్నారుగా అనేవాణ్ణి.

మంగళవారం పొద్దున ముసురు పట్టి ఉంది. అత్తయ్యగారి కూతురు పరిగెత్తుకొచ్చి అమ్మకి గుండెలో నొప్పి అంది. ఆవిడ ఒళ్ళంతా చెమట. ఇద్దర్నీ వెనక కూర్చోబెట్టి తాళం తిప్పాను, వెంటనే అందుకుంది. వాన జోరుగా ఉంది కాబట్టి పగలైనా లైట్లు వేసుకునే కాకినాడ చేరాను. ఆసుపత్రి గుమ్మంలో స్ట్రెచర్ మీదకి ఎక్కించేటప్పుడు అత్తయ్యగారు నా చెయ్యి పట్టుకున్నారు.

"లైట్లు ఆర్పావా?"

"ఆర్పేశానండీ."

ఆర్పలేదు. స్ట్రెచర్ వెంటే లోపలికి పరిగెత్తాను. ఆవిడ తేలిగ్గా కళ్ళు మూసుకున్నారు.

గంటన్నరకి డాక్టర్ బయటికొచ్చి ఆవిడ ఇక లేరని చెప్పారు. బంధువులు దిగారు, అంబులెన్స్ మాట్లాడుతున్నారు. నేను కారు దగ్గరికొచ్చాను. లైట్లు ఇంకా వెలుగుతున్నాయి, పచ్చగా, గుడ్డిగా. ఆదివారం ఆవిడ ఎక్కించిన ఛార్జి అలా వానలో కారిపోతోంది. ఆర్పేశాను. తాళం తిప్పితే టిక్కుమంది. ఇంటి దగ్గర మా ఆవిడ ఒంటరిగా ఉంది, అదీ ఈ వానలో.

ఫోన్ చేసి కబురు చెప్పాను. అటునుంచి పిల్లికూతల ఊపిరి వినబడుతోంది.

"ఏడవకు," అన్నాను.

"ఏడవను. ఏడిస్తే ఊపిరాడదు. మీరు కూడా ఇక్కడ లేరు." ఆ వెంటనే, "బండి?" అంది.

"దిగిపోయింది."

"అన్నీ ఆపేసి పది నిమిషాలు వదిలెయ్యండి. కూసింత తేరుకుంటుందని అత్తయ్యగారు చెప్పేవారుగా."

నేను నేర్చుకోనివన్నీ తను వింటూనే ఉందన్నమాట. ఫోన్ పెట్టెయ్యకుండా తన ఊపిరి వింటూ కారులో కూర్చున్నాను. పది నిమిషాలయ్యాక తాళం తిప్పాను. నీరసంగా మూలిగింది, ఆగింది, మళ్ళీ మూలిగి అందుకుంది.

ఇంజిన్ చప్పుడు ఫోన్లో విని, మా ఆవిడ అప్పుడు ఏడ్చింది.