రెండు నిమిషాలాయన, తమ్ముడి సినిమా

మా స్టూడియోలో ఆయన్ని అందరూ రెండు నిమిషాలాయన అనేవారు. సినిమాలకి రెండు నిమిషాల ట్రైలర్లు కత్తిరించడం ఆయన పని. పక్క గదిలో సౌండ్ కలిపేవాణ్ణి నేను. ఆయన ఏ సినిమానీ పూర్తిగా చూసేవాడు కాదు. సౌండ్ కట్టేసి, బొమ్మని పరుగులు పెట్టించి, కావలసిన ముక్కలు ఏరుకునేవాడు. "కథలో పడితే చెయ్యి ఆడదయ్యా," అనేవాడు. గొప్పలకేం తక్కువ లేదు.

పనిమంతుడే, కాదంటే కళ్ళు పోతాయి. దయ్యం సినిమా అయితే మూసిన తలుపు చూపించి, చప్పుడంతా ఆపేసి, తెర నల్లగా చేసేవాడు. కుర్రకారు ఎగబడి వచ్చేవారు. కుటుంబం సినిమాకి కథ ముప్పాతిక చెప్పేసేవాడు. ఏముందో తెలియందే పెద్దవాళ్ళు ఇల్లు కదలరట.

ఆయన తమ్ముడు ఎనిమిదేళ్ళు తిరిగి తిరిగి ఒక సినిమా తీశాడు. మతి తప్పిన తండ్రికి కొడుకు సేవ చెయ్యడం, అంతే కథ. అది ఆడకపోతే ఇంకో అవకాశం ఇచ్చేవాడు లేడు.

"అన్నయ్యా, ఉన్నదున్నట్టు చూపించు. పదిమంది వచ్చినా చాలు," అన్నాడు తమ్ముడు.

"పదిమంది కోసం రెండో ఆట ఎవడు వేస్తాడురా? నాకు వదిలెయ్."

ఎప్పటిలాగే పరుగెత్తించి చూశాడు. ముసలాయన తలుపు తీసి పాలవాణ్ణి కౌగిలించుకుంటాడు, తర్వాత కరెంటు మనిషిని, ఆ తర్వాత పోలీసుని. మాటల్లేని ఆ ముక్కలు నాకిచ్చి డోలు వాయింపు తగిలించమన్నాడు. తగిలించాను. ఆ పాపంలో నాకూ వాటా ఉంది. ట్రైలర్ చూసి జనం పొట్ట చెక్కలయ్యేలా నవ్వారు.

మొదటి రోజు హాలు నిండింది. తెర మీద ముసలాయన పాలవాణ్ణి పట్టుకుని "పెద్దాడా, వచ్చావురా!" అన్నాడు. హాలంతా గొల్లుమంది. కరెంటు మనిషితోనూ అదే మాట.

"ఇది మా నాన్నేనయ్యా," అన్నాడు పక్క సీట్లో ఉన్న రెండు నిమిషాలాయన నా చెయ్యి పట్టుకుని. వాళ్ళ నాన్న మంచం పట్టిన రెండేళ్ళూ దగ్గరున్నది తమ్ముడే. ఈయనకి పని తెమిలేది కాదు.

ఇంటర్వెల్ తర్వాత నవ్వులు ఆగిపోయాయి. "కామెడీ అని పిలిచి ఏడిపిస్తార్రా?" అని తిట్టుకుంటూ సగం మంది లేచిపోయారు. మూడో రోజుకి సినిమా ఎత్తేశారు.

నెల తిరిగాక తమ్ముడు మా స్టూడియోకి వచ్చాడు. కొట్లాట అవుతుందనుకున్నాను. అయ్యుంటేనే బాగుండేది.

"నాకూ ఈ పని నేర్పు అన్నయ్యా," అన్నాడు.

ఆయన కుర్చీ జరిపి చోటిచ్చాడు. తమ్ముడికి పని ఇట్టే పట్టుబడింది. మొన్న అతనూ సౌండ్ కట్టేసి, పరుగులు పెట్టించి కోసిన ట్రైలర్‌కి జనం విరగబడ్డారు. అందరూ మెచ్చుకుంటుంటే నేను బయటికి వచ్చేశాను.